పక్క గదిలో మిషన్

జూన్ 3, శనివారం

ఇది మా బట్టల ఫ్యాక్టరీలో నేను బాగుచేసే కుట్టుమిషన్ల రిపేర్లు రాసుకునే పుస్తకం. బైండింగ్ తలకిందులుగా వేశారని పారేస్తుంటే తెచ్చుకున్నాను. పేజీకి నాలుగు గళ్ళు: మిషన్ నంబరు, లోపం, చేసిన పని, సంతకం. ఏడాదిగా నా మంచం పొట్టి కోడు కింద పడి ఉంది. ఇవాళ దీనికి వేరే ఉద్యోగం ఇచ్చాను. మంచం మళ్ళీ ఊగుతోంది.

మధ్యాహ్నం అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. నా దిండుకి గలేబు కుట్టి తెచ్చింది. ఇచ్చేటప్పుడు కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చేత్తో ఇచ్చింది. లాగి చూశాను. మణికట్టు వంకాయ రంగులో ఉంది.

"బాత్‌రూంలో జారానే."

ఈ ఏడాది అక్క బాత్‌రూంలో జారడం ఇది నాలుగోసారి. నేల అంత పాకుడు పట్టి ఉంటే బావ కూడా ఒక్కసారైనా జారాలి కదా. ఆయన జారడు. ఆయన పాదాలు వేరే కంపెనీవి.

అరిచాను. "మెల్లగా అరవ్వే, వాచ్‌మన్ వింటున్నాడు" అంది. మెల్లగా అరవడం ఎలాగో మా అక్కకే తెలియాలి.

లోపలికొచ్చి స్పానర్ విసిరాను. ఎవరికీ తగల్లేదు. గోడకి తగిలి తిరిగొచ్చి నా కాలి మీదే పడింది. మా సూపర్‌వైజర్ని అందరం విజిల్ అంటాం, ఊదకుండా మాట్లాడడు కాబట్టి. "ఇంకోసారి పనిముట్టు విసిరావంటే నిన్ను విసురుతా" అన్నాడు. కుంటుకుంటూనే సరే అన్నాను.

ఆడవాళ్ళ బాత్‌రూం తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళు ఆదివారం పదింటికి వచ్చి కూర్చోవచ్చట, మాట్లాడుకోవచ్చట. కింద చిరునామా రాసిన చీటీలు, చింపుకోవడానికి వీలుగా. ఒకటి చింపాను. చింపుతుంటే ఎవరైనా చూస్తారేమోనని నీళ్ళు వదిలాను. నీళ్ళ చప్పుడుకి కాగితం చింపడం కనబడకుండా పోతుందా? ఆ క్షణంలో పోతుందనే అనుకున్నాను.

జూన్ 6, మంగళవారం

అక్క మళ్ళీ గేటు దగ్గరికొస్తే చీటీ ఇచ్చాను. చదివి, నాలుగు మడతలు పెట్టి, ఇంకో మడత కూడా పెట్టింది.

"నాకెందుకే ఇది. నన్నెవరు కొట్టారు?"

"నీ బాత్‌రూం కొట్టింది."

"మీ బావకి కోపం ఒక్కటే. అది తప్ప ఏ వంకా పెట్టలేం. అయినా కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పదిమందిలో కూర్చుని చించుకోమంటావా?"

చీటీ పారేసే ఉంటుంది. సరే, నువ్వు వెళ్ళకపోతే నేను వెళ్తాను, అక్కడేం చెబుతారో విని వచ్చి నీకు చెబుతాను అన్నాను. పరీక్ష రాయని పిల్లకి నోట్సు తెచ్చిచ్చే స్నేహితురాలి లాగ. నేను ఎనిమిదో క్లాసుతో ఆపేసినదాన్ని. నోట్సు రాసి ఎరగను.

జూన్ 11, ఆదివారం

వెళ్ళాను. పరిశీలనకి మాత్రమే.

అది పసిపిల్లల బడి. ఆదివారం సెలవు కాబట్టి వీళ్ళకిచ్చారు. గోడ నిండా బాతులు, అక్షరాలు. పెద్ద కుర్చీ ఒక్కటీ లేదు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పన్నెండు మంది పెద్దవాళ్ళం ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చున్నాం. ఆ భంగిమలో ఎవరికీ గొప్పలు పోవడం సాధ్యం కాదు. బహుశా అందుకే ఆ గది ఎంచుకున్నారు.

నడిపేది ఒక రిటైరైన నర్సమ్మ. ఆవిడ పద్ధతి ఏమిటంటే పేర్లు చెప్పకూడదు. ఎవరి సంచిలో వాళ్ళు చెయ్యి పెట్టి ముందు చేతికి ఏది తగిలితే అదే ఆ గదిలో మన పేరు. ఒకావిడ గొడుగు. యాభై దాటి ఉంటుంది, ఏదో ఆఫీసులో గుమాస్తా. బ్యూటీ పార్లర్‌లో పనిచేసే అమ్మాయి దువ్వెన. నా చేతికి స్క్రూడ్రైవర్ తగిలింది. అందరూ నా వైపు కొంచెం గౌరవంగా, కొంచెం భయంగా చూశారు.

"ఇక్కడ విన్న మాట గుమ్మం దాటకూడదు" అంది నర్సమ్మ. "బిస్కెట్లు దాటొచ్చు. చెప్పు స్క్రూడ్రైవర్, ఎందుకొచ్చావు?"

"నా గురించి కాదండీ. మా అక్క కోసం వచ్చాను."

గది గదంతా మెత్తబడిపోయింది. గొడుగు నా మోకాలి మీద చెయ్యేసింది. "అవునమ్మా. మొదట్లో నేనూ మా ఆడపడుచు కోసమే వచ్చాను."

"నేను పక్కింటావిడ కోసం" అంది దువ్వెన. "ఆ పక్కింటావిడకి అన్నీ నా పోలికలే."

అందరూ నవ్వారు.

"నిజంగా మా అక్కేనండీ."

"నిజమేనమ్మా. తొందరేం లేదు" అంది గొడుగు, మోకాలు నిమురుతూ.

మూడోసారి చెప్పాక నాకు అక్క ఉందా అని నాకే అనుమానం వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎంత కాదంటే అంత అవునని అర్థమవుతోంది. నా కోపం సంగతి నాకు తెలుసు, అది నన్ను అడిగి రాదు.

"సరే. నేనే. నన్నే కొడతాడు మా ఆయన. చాలా?"

నాకు ఇంకో బిస్కెట్ ఇచ్చారు.

జూన్ 12, సోమవారం

ఇరవై మూడేళ్ళకి, ఒక్క పైసా ఖర్చు లేకుండా, బిస్కెట్ల మధ్య నా పెళ్ళైపోయింది.

జూన్ 18, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. కానీ గొడుగు నా కోసం కుర్చీ పట్టి ఉంచింది. అలా పట్టి ఉంచిన కుర్చీలో కూర్చుని "నేను అబద్ధం చెప్పాను" అనడం ఎలా? కూర్చుని ఇంకో అబద్ధం చెప్పాను.

నాకు మొగుణ్ణి కల్పించడం చేతకాదు. కాబట్టి బావనే అరువు తెచ్చుకున్నాను. ఆయన కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాడు. వచ్చినవాళ్ళ కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇప్పుడు స్పష్టంగా ఉందాండీ? ఇప్పుడు?" అని అడుగుతాడు. ఎంత మెత్తటి గొంతో. ముసలివాళ్ళు ఆయన కోసమే రెండు బస్సులు మారి వస్తారు.

అవన్నీ నా మొగుడికి తగిలించాను. గాజు పళ్ళెం విసిరేసి, ముక్కలు చీపురు లేకుండా చేత్తో ఏరమనడం. ఆయన తింటున్నంతసేపూ నిలబడే ఉండాలనడం. అక్క చెప్పినవి, చెప్పకపోయినా నాకు తెలిసినవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అక్క కష్టం నేను గుప్పిళ్ళతో పంచిపెట్టాను. అద్దం దగ్గర నిలబెట్టి కొట్టి, అదే మెత్తటి గొంతుతో "ఇప్పుడు స్పష్టంగా ఉందా?" అని అడిగింది కూడా చెప్పాను.

దువ్వెన ఏడ్చింది. నాకు గర్వంగా అనిపించింది. రాసి పెట్టుకుంటున్నాను, ఎప్పుడైనా నేను మంచిదాన్నని అనిపిస్తే తీసి చదువుకోవడానికి.

జూన్ 21, బుధవారం

కొత్త మెకానిక్ ఒకడొచ్చాడు, డిప్లొమా ఉంది. ఏడో లైన్‌లో దారం తెగుతోందంటే దారం మార్చమన్నాడు. మూడు రీళ్ళు మార్చినా తెగింది. నేను వెళ్ళి సూది తీసి గోటి మీద గీసి చూశాను. మొన విరిగి ఉంది. "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

అమ్మ పోయాక అక్కే నన్ను పెంచింది. పెళ్ళి చేసుకుంటూ సామాన్లతో పాటు నన్ను కూడా తీసుకెళ్ళింది. పద్నాలుగు నుంచి ఇరవై దాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. పక్క గదిలో అక్క కుట్టుమిషన్ ఉండేది, కాలితో తొక్కేది. తొక్కీ తొక్కీ, పాడుచేసీ బాగుచేసీ నేర్చుకున్నాను. అంతలా ఎందుకు తొక్కానన్నది ఇక్కడ అనవసరం.

జూన్ 25, ఆదివారం

ఇవాళ పాఠం సంచి గురించి. ఇల్లు వదలాల్సి వస్తే చేతికి అందేలా ఒక సంచి సిద్ధంగా పెట్టుకోవాలట. గుర్తింపు కార్డులు, పెళ్ళి కాగితం, మందులు, ఒక జత బట్టలు, ముఖ్యమైన నంబర్లు. నమ్మకమైన వాళ్ళింట్లో ఉంచితే ఇంకా మేలు. నోట్సు రాసుకున్నాను. రెండు పేజీలు.

"ఒకటి మరిచిపోకండి" అంది నర్సమ్మ. "సంచి ఎవరిదో వాళ్ళే సర్దుకోవాలి. ఎప్పుడన్నది కూడా వాళ్ళే చెప్పాలి. ఆ ఇంట్లో ఏ పూట గాలి ఎటు వీస్తుందో లోపలున్న మనిషికే తెలుస్తుంది."

ఇది రాసుకోలేదు. అందరికీ తెలిసిన విషయమే కదా.

సాయంత్రం నోట్సు పట్టుకుని అక్క దగ్గరికెళ్ళాను. బావ షాపులో ఉన్నాడు, ఆయనకి సెలవు మంగళవారమే. అక్క చదవనైనా లేదు. 

"నీకెంత తొందరే నా కాపురం మీద."

"నువ్వు చస్తావే అక్కా."

"ఎద్దు పుండు కాకికి నొప్పా? నీకు ఆదివారం పొద్దుపోక వచ్చి పొడుస్తున్నావు."

కాకినన్నమాట. ఆరేళ్ళు ఆ ఇంటి తిండి తిన్న కాకిని.

జూలై 2, ఆదివారం

అక్క డాబా మీద బట్టలు తీయడానికి వెళ్ళింది. బీరువా తాళం ఎక్కడుంటుందో నాకు తెలుసు, కుట్టుమిషన్ సొరుగులో, దారం చుట్టిన బాబిన్ల కింద. కార్డులు, పెళ్ళి కాగితం, అక్క పదో క్లాసు సర్టిఫికెట్ తీసి నా పనిముట్ల సంచిలో పెట్టుకున్నాను. మళ్ళీ తాళం వేసి బాబిన్లు సర్ది పెట్టేదాకా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చేతులు వణకలేదు. మంచి పని చేస్తున్నప్పుడు వణకవు.

అక్క దిగి వచ్చి టీ ఇచ్చింది. తాగాను.

జూలై 4, మంగళవారం

సంచి నా మంచం కింద ఉంది. అన్నీ వరసగా పెట్టాను, ఒక జత బట్టలు నావే పెట్టాను. ఎవరైనా అడిగితే చూపించాలనుంది. ఎవరూ అడగడం లేదు.

జూలై 6, గురువారం

అక్క ఫోన్ ఎత్తలేదు. ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది.

జూలై 7, శుక్రవారం

ఎత్తలేదు. ఛార్జింగ్.

జూలై 8, శనివారం

ఛార్జింగ్.

జూలై 9, ఆదివారం

గుంపుకి వెళ్ళలేదు. అక్క ఇంటికీ వెళ్ళలేదు. నేను వెళ్తే ఎక్కువవుతుందని వెళ్ళలేదు. వెళ్ళి చూడడానికి భయమేసి వెళ్ళలేదు అని రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు.

జూలై 11, మంగళవారం

సెలవు రోజు బావ ఏదో బ్యాంకు పనికి కార్డులు అడిగాడట, పోయిన మంగళవారం. నేను ఇక్కడ కూర్చుని సంచి సర్దుకుని మురిసిపోతున్న రోజు.

ఇవాళ పని దిగి గదికి వచ్చేసరికి అక్క నా గుమ్మంలో కూర్చుని ఉంది. పై పెదవి మధ్యలో చీలి, మానుపట్టి, మాటలతో మళ్ళీ చీలుతోంది. వారం రోజుల దెబ్బ. బాత్‌రూం పేరు ఎత్తలేదు.

"ఇవ్వు" అంది.

ఇచ్చాను. సంచి తెరిచి నా బట్టల జత తీసి మంచం మీద పెట్టింది, మడత చెడకుండా. కాగితాలు ఒక్కొక్కటే చూసుకుంది.

"ఎక్కడికి పోదామని దాచావు అని అడిగాడు. ఎవడి దగ్గర పెట్టావు అని అడిగాడు. నాకు తెలిస్తే చెప్పేదాన్నే. నాకు తెలీదు కదా."

"అక్కా, నీ మంచికేనే."

"ఆయనా అదే అంటాడు."

లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. అరవలేదు. మా అక్క అరవదు.

"నా బీరువా నన్నడక్కుండా తీసేది ఆయనొక్కడే అనుకున్నా."

జూలై 12, బుధవారం

మిషన్ నంబరు: ఒకటే ఉంది.
లోపం: నేను.
చేసిన పని: 
సంతకం: 

జూలై 16, ఆదివారం

నాకు మొగుడు లేడని చెప్పాను. పెళ్ళే కాలేదని, అన్నీ మా అక్కవేనని, ఆరేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నానని, కాగితాలు దొంగిలించానని, పెదవి సంగతి కూడా. చిన్న కుర్చీలోంచి లేచి నిలబడి చెబుదామనుకున్నాను. కుర్చీ నాతో పాటు లేచింది. దాన్ని వదిలించుకోవడానికి దువ్వెన సాయం పట్టాల్సి వచ్చింది. నా జీవితంలో ఏ పనీ హుందాగా జరగదు.

తిడతారనుకున్నాను.

"మాకు రెండో వారమే తెలుసమ్మా" అంది గొడుగు.

"ఎలా?"

"మేం మా వాళ్ళ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది. నువ్వు పళ్ళు కొరికేదానివి. మెడ ఇంత పొడుగు చాపి చెప్పేదానివి."

"ఆ కోపం మాకు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది" అంది దువ్వెన. "నువ్వు మొదటిరోజే తెచ్చుకున్నావు, సంచిలో పెట్టుకుని."

"మరి ఎందుకు చెప్పనిచ్చారు?"

"మొదటిరోజు నీ మాట నమ్మలేదు" అంది నర్సమ్మ. "ఆ తప్పు మాది. తర్వాత, ఇంకేదో ఉంది, అది చెప్పలేక ఇది చెబుతోంది అనుకున్నాం. అక్కయ్యవి ఆవిడకి వదిలెయ్. నీదేమిటి?"

"నాకేం లేదండీ. నన్నెవరూ ముట్టుకోలేదు."

"ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉన్నానన్నావు."

"పక్క గదిలో ఉండేదాన్ని."

"పక్క గదిలో ఏం చేసేదానివి?"

"మిషన్ తొక్కేదాన్ని."

అందరూ నా వైపు తిరిగారు. గోడ మీద బాతులు కూడా నన్నే చూస్తున్నాయి. నాకు పనుందని వచ్చేశాను. ఆదివారం నాకేం పని.

వస్తుంటే నర్సమ్మ గేటు దాకా వచ్చింది. "అక్కయ్యకి తప్పయిందని చెప్పు. చెప్పాక 'కానీ' అనకు. నీ నోరు చూస్తే అది కష్టమే. అయినా ప్రయత్నించు."

జూలై 19, బుధవారం

మూడుసార్లు సాధన చేశాను. తప్పు చేశాను. చుక్క. తప్పు చేశాను. చుక్క. మూడోసారి చుక్క తర్వాత "కానీ" వచ్చేసింది. పళ్ళు తోముకుంటుంటే కూడా వచ్చింది.

జూలై 22, శనివారం

అక్క కూరగాయలకి వచ్చే దారిలో నిలబడ్డాను. నన్ను చూసి దారి మార్చుకోలేదు, ఆగనూ లేదు. పక్కనే నడిచాను.

"కాగితాలు తీయడం తప్పు" అన్నాను. ఆగాను. నాలుక చివర "కానీ" కూర్చుని కాళ్ళూపుతోంది. మింగేశాను.

అక్క నడుస్తూనే ఉంది.

"ఇంకో తప్పు కూడా ఉంది. నీ సంగతులు గుంపులో నావని చెప్పాను."

అప్పుడు ఆగింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అన్నీనా?"

"చాలావరకు."

"ముక్కలు ఏరడం?"

"ఊ."

"నిలబడడం?"

"ఊ. అద్దం దగ్గర అడిగిన మాట కూడా."

అక్క నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చిందా లేదా అని చూసేది, అలాగ.

"అది నేనెవరికీ చెప్పలేదే. నీకు కూడా చెప్పలేదు. నీకెలా తెలుసు?"

నాకు ప్రతి దానికీ జవాబు ఉంటుంది. విజిల్‌ని అడగండి, వాచ్‌మన్‌ని అడగండి. అక్కడ ఆ రోడ్డు మీద నా దగ్గర ఒక్క ముక్క లేదు. అక్క కాసేపు చూసి వెళ్ళిపోయింది.

జూలై 23, ఆదివారం

గుంపుకి వెళ్ళాను. మాట్లాడలేదు. బిస్కెట్ తీసుకోలేదు. నా ఆరోగ్యం బాగాలేదనుకున్నారు.

జూలై 27, గురువారం

విజిల్ నన్ను పిలిచి, "ఏమిటమ్మా, పది రోజులుగా ఏమీ విసరడం లేదు" అన్నాడు. అతనికి దిగులుగా ఉంది.

జూలై 30, ఆదివారం

పదింటికి అందరం కూర్చున్నాక తలుపు తీసుకుని అక్క వచ్చింది.

లేవబోయాను. కుర్చీ గుర్తొచ్చి ఆగాను. అక్క నా వైపు చూడలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీలో, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బడిపిల్లలా కూర్చుంది. ఆమె ఎవరో ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, మా ఇద్దరి ముక్కులూ ఒకటే.

సంచిలో చెయ్యి పెట్టమంది నర్సమ్మ. అక్క చేతికి ముందు తగిలింది ఒక కాగితం మడత. విప్పింది. జూన్ నెలలో నేను బాత్‌రూంలో చింపి ఇచ్చిన చీటీ. మడతల దగ్గర అరిగి, చిరునామాలో రెండు అక్షరాలు ఎగిరిపోయాయి. ఎన్నిసార్లు విప్పి మడిస్తే అలా అవుతుందో నాకు తెలుసు, గుడ్డతో పని చేసేదాన్ని.

"అయితే నీ పేరు చీటీ" అంది నర్సమ్మ.

నేను నోట్సు మోసుకెళ్ళి, బీరువా తెరిచి, లోకమంతా తలకిందులు చేస్తున్న ఆ ఎనిమిది వారాలూ అది అక్క సంచిలోనే ఉందన్నమాట.

"చెప్పాలనుంటే చెప్పు. లేకపోతే టీ తాగు."

అక్క చాలాసేపు టీ తాగింది. తర్వాత అంది, "మొన్న నేను బాత్‌రూంలో జారాను."

పదకొండు మందికీ ఆ బాత్‌రూం సంగతి తెలుసు. ఆ ఇంట్లో పళ్ళేల సంగతి తెలుసు, అద్దం సంగతి తెలుసు. ఒక్కరి మొహంలో తెలిసినట్టు లేదు. గొడుగు ముందుకి వంగి మొదటిసారి వింటున్నట్టు వింది. దువ్వెన మళ్ళీ ఏడ్చింది, అదే చోట. అక్క గొంతు తగ్గించి చెప్పింది. నేను చెప్పినదాంట్లో సగం తప్పని అప్పుడు తెలిసింది. నేను చెప్పినప్పుడు అదంతా బావ కథ. ఆయన విసిరాడు, ఆయన అన్నాడు. అక్క చెబుతుంటే బావ ఎక్కడో మూలకి వెళ్ళిపోయాడు. గాజుముక్కలు ఏరేటప్పుడు పెద్దవి ముందు ఏరాలని చెప్పింది. నిలబడి ఉన్నప్పుడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు తెలియకుండా ఎలా మార్చుకోవాలో చెప్పింది.

నేను నోరు మూసుకున్నాను. గంటసేపు. నన్నెరిగినవాళ్ళు దీన్ని నమ్మరు.

వరస నా దగ్గరికి వచ్చింది.

"నాకు" అన్నాను. గొంతు తగ్గింది. దానంతట అదే తగ్గింది. "నేను పక్క గదిలో ఉండేదాన్ని. వాళ్ళ గది తలుపు వేసిన చప్పుడు వినగానే మిషన్ ఎక్కేదాన్ని. కుట్టడానికి ఏమీ ఉండేది కాదు. పాత గుడ్డ మీద ఊరికే గీతలు కుట్టేదాన్ని. గట్టిగా తొక్కితే ఏమీ వినబడదు. నేను పని అలాగే నేర్చుకున్నాను. ఒకరోజు మధ్యలో బాబిన్‌లో దారం అయిపోయింది. బాబిన్ మార్చడానికి నాకిప్పుడు పదిహేను సెకన్లు పడుతుంది. అప్పుడు కొత్త. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ విన్నాను. అద్దం మాట అప్పుడే విన్నాను."

ఎవరూ నా మోకాలు నిమరలేదు. మంచిదే.

"మార్చాక ఏం చేశానంటే, మళ్ళీ తొక్కాను."

అక్క వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. అక్క చీటీని మడుస్తోంది.

"మిషన్ ఆగితే నాకు భయమేసేది" అంది. నాతో కాదు, చీటీతో. "మళ్ళీ మొదలైతే హమ్మయ్య అనుకునేదాన్ని. చిన్నది వినడం లేదులే, కుట్టుకుంటోందిలే అని. ఆ చప్పుడు ఉన్నంతసేపూ నేను ఓర్చుకోగలిగేదాన్ని."

ఇంకో మడత పెట్టింది.

"విన్నావన్నమాట."

"ఊ."

"పిచ్చిమొహమా. రెండు నిమిషాలా బాబిన్‌కి."

గొడుగు ముందు నవ్వింది. తర్వాత అందరూ. నేనూ నవ్వాను. ముక్కు కూడా కారింది. స్క్రూడ్రైవర్ తుడవడానికి పెట్టుకున్న నూనె గుడ్డతో తుడుచుకున్నాను. మిగిలిన రోజంతా నల్ల మీసంతో తిరిగానని బస్సు దిగాక తెలిసింది.

వెళ్ళేటప్పుడు అక్క తన చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసి ఇచ్చింది. నోరు కుట్టేసి ఉంది, దగ్గర దగ్గర కుట్లు, చేత్తో.

"ఇది నీ దగ్గర ఉంచు. విప్పకు."

"ఇందులో ఏముంది?"

చూసింది.

"సరే, సరే" అన్నాను.

"ఆయన అడిగే కార్డులు బీరువాలోనే ఉన్నాయి. వాటి నకళ్ళు తీయించాను" అంది. ఎప్పుడు, ఎలా, ఎక్కడ తీయించింది? అడగలేదు. లోపలున్న మనిషికే తెలుస్తుంది, గాలి సంగతి.

జూలై 31, సోమవారం

కవర్ మంచం కింద ఉంది. విప్పలేదు.

ఆగస్టు 1, మంగళవారం

ఇవాళ బావకి సెలవు. ఫోన్ చేయలేదు. కవర్ విప్పలేదు. వెలుతురుకి పట్టుకుని చూశాను, అది విప్పడం కిందికి రాదు. ఏమీ కనబడలేదు.

ఆగస్టు 2, బుధవారం

నర్సమ్మ నంబరు అక్క దగ్గర ఉంది. గొడుగు నంబరు ఉంది. నా నంబరు ఎలాగూ ఉంది. ఏడో లైన్‌లో మళ్ళీ దారం తెగింది. డిప్లొమా అబ్బాయి తనే సూది తీసి గోటి మీద గీసుకుని, రక్తం తెప్పించుకుని, గర్వంగా చూపించాడు.

ఆగస్టు 3, గురువారం

భోజనం గంటలో ఫోన్ మోగింది. అక్క.

"నీ గది కొలత ఎంత?"

"పదీ పన్నెండు."

"మంచం ఏ గోడకి ఉంది?"

"కిటికీ వైపు."

వెనక ఏదో షట్టర్ చప్పుడు. వీధిలోంచి చేస్తోంది.

"మిషన్‌కి చోటుంటుందా?"

"ఉంటుంది."

"వెలుతురు పడాలి దానికి."

"పడుతుంది."

పెట్టేసింది. ఎప్పుడు అని అడగలేదు. నాలుక కొరుక్కున్నాను, మాటవరసకి కాదు, నిజంగానే. సాయంత్రం దాకా టీ తాగితే మండింది.

గదికొచ్చి చూసుకుంటే మంచం ఊగుతూనే ఉంది. కోడు కింద పెట్టడానికి వేరే ఏదైనా వెతకాలి. ఈ పుస్తకం ఇంకా అయిపోలేదు.

మిషన్ నంబరు: రావాలి.
లోపం: ఎప్పుడో తెలియదు.
చేసిన పని: కిటికీ ముందు నుంచి మంచం జరిపాను.